పాత కారు చక్రాలకు క్రోమ్ పట్టీలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి ఉన్నాయి. చక్రం పైన మడ్‌గార్డు అంచును చుట్టి వచ్చే మెరుపు పట్టీని కొందరు క్రోమ్ బీడింగ్ అంటున్నారు, మరికొందరు వీల్ ఆర్చ్ పట్టీ అంటున్నారు. పాత కార్లను పదిలంగా చూసుకునేవారికి ఈ చిన్న వస్తువు మీద ఇన్ని సందేహాలు ఉండడం సమంజసమే కాబట్టి, ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా నాన్నగారు 1983లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 కారుకు ఇటీవల టింకరింగ్, పెయింటింగ్ పూర్తి చేయించాను. రంగు మీగడ తెలుపు. నాలుగు చక్రాల పైనా క్రోమ్ పట్టీలు వేయిస్తే బాగుంటుందని ఇంట్లో అందరి కోరిక. దుకాణంలో మూడు నాలుగు రకాలు చూపించారు. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి, ధరల్లో మాత్రం చాలా తేడా ఉంది. దేనిని ఎంచుకోవాలి? మా ఇల్లు సముద్రానికి దగ్గరలోనే ఉంటుంది.
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ)

జవాబు: మీరు చివర చేర్చిన వాక్యంతోనే సమాధానం మొదలుపెట్టాలి. సముద్రపు గాలి తగిలే ఊరిలో కారుకు ఏ లోహపు పట్టీ వేసినా, దాని మెరుపు ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న కంటే, దాని వెనక దాగిన మడ్‌గార్డు అంచు ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న పెద్దది. పట్టీ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు, అంచును తుప్పు తినేస్తే మళ్లీ టింకరింగ్ షెడ్డుకు వెళ్లవలసిందే.

దుకాణదారు క్రోమ్ అని చెప్పే వస్తువులన్నీ నిజానికి క్రోమ్ కావు. మొదటి రకం మామూలు ఇనుప రేకుకు పూత వేసినది. మన వాళ్లు నికెల్ పాలిష్ అని పిలిచే ఈ పద్ధతిలో సాధారణంగా ముందు రాగి, దాని మీద నికెల్, అన్నిటికంటే పైన క్రోమియం పొరలు వేస్తారు. అందులో నీలి ఛాయతో కంటికి కనిపించే క్రోమియం పొర మందం మైక్రాన్‌లో పావు వంతు నుంచి సగం వరకు మాత్రమే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు అని గుర్తు చేసుకుంటే అది ఎంత పలుచనిదో అర్థమవుతుంది. తుప్పును నిజంగా ఆపేది దాని కింద ఉన్న నికెల్ పొర, దానికి పది నుంచి ముప్పై మైక్రాన్ల మందం ఉండాలి. ధర తగ్గించాలనుకున్నవారు తగ్గించేది ఈ నికెల్‌నే, ఎందుకంటే ఆ కోత కంటికి కనిపించదు. కొత్తలో రెండు పట్టీలూ అద్దంలా మెరుస్తాయి, ఒక్క వర్షాకాలం గడిచాక నికెల్ తక్కువైన పట్టీ మీద సూదిమొనంత గోధుమరంగు చుక్కలు లేస్తాయి.

ఇందులోనే మరొక చిక్కు ఉంది. పూత వేసేటప్పుడు విద్యుత్తు ఎత్తుగా ఉన్న భాగాలకు ఎక్కువగా, లోపలి మడతలకు తక్కువగా చేరుతుంది. మడ్‌గార్డు పట్టీ అడ్డకోతలో సగం గొట్టంలా వంగి ఉంటుంది కనుక దాని లోపలి గుంటలో పూత బాగా పలుచగా పడుతుంది, కొన్నిసార్లు క్రోమియం అసలు పడదు. టైరు ఎగజిమ్మే బురద, ఉప్పునీరు వెళ్లి కూర్చునేది సరిగ్గా ఆ గుంటలోనే. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ రకం పట్టీకి అక్షరాలా సరిపోతుంది. నాణ్యమైన పూత వేసే పనివాడు మీకు బాగా తెలిసి, నికెల్ మందం గురించి మీరు అడిగి చేయించుకోగలిగితే తప్ప, కాకినాడలో దీనిని నేను సిఫారసు చేయను.

రెండవ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. దీనికి పూత ఉండదు, రేకునే బఫింగ్ చేసి, అంటే తిరిగే గుడ్డ చక్రంతో రుద్ది, మెరుగు తెస్తారు. గీత పడితే మళ్లీ బఫింగ్ చేయించుకోవచ్చు, ఊడిపోవడానికి పొర అంటూ ఏమీ లేదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి; 430 రకంలో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉన్నా నికెల్ దాదాపు ఉండదు. కార్ల అలంకార పట్టీలకు 430ని విరివిగానే వాడతారు, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో అది చాలా కాలం నిలుస్తుంది. మీ ఊరికి మాత్రం 304 అయితేనే నమ్మకం. అయినా దాని మీద కూడా ఉప్పుగాలికి టీ మరకల వంటి మచ్చలు పడతాయి, వారానికి ఒకసారి మంచినీటితో కడిగితే అవి ముదరవు.

వీటిని దుకాణంలో గుర్తుపట్టడం ఎలా అంటే, జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. 304కు అయస్కాంతం అంటుకోదు, వంచిన చోట కొద్దిగా లాగినట్లు అనిపించవచ్చు. గట్టిగా అంటుకుంటే అది 430 కావచ్చు లేదా పూత వేసిన ఇనుము కావచ్చు. అప్పుడు పట్టీ చివర కోసిన అంచును చూడండి. స్టెయిన్‌లెస్ అయితే లోపలా బయటా ఒకే రంగు కనిపిస్తుంది, పూత అయితే పొర గీతలాగా విడిగా తెలుస్తుంది, చాలాసార్లు అక్కడే తుప్పు మొదలై ఉంటుంది. నికెల్‌లో కొంత తగ్గించి మాంగనీసు కలిపిన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు కనుక, ఆ తేడాను అయస్కాంతం చెప్పలేదు. స్టీలు రేకుల వ్యాపారుల దగ్గర దానికోసం చుక్కల మందు ఉంటుంది. ఒక చుక్క వేసి రంగు మారడాన్ని బట్టి చెప్పేస్తారు. అడగడానికి మొహమాటపడవలసిన పనేమీ లేదు.

అల్యూమినియం పట్టీ తేలికైనది, చేతితో వంచవచ్చు. కానీ అది ఇనుముకు తగిలి ఉన్నచోట ఉప్పునీరు చేరితే, ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ వంటిది ఏర్పడి అల్యూమినియం తెల్లని పొడిగా రాలుతుంది. ఇక ప్లాస్టిక్ మీద మెరుపు పొర అంటించి మీటర్ల లెక్కన అమ్మే పట్టీ గురించి ఒక్క మాట చాలు: రెండు ఎండాకాలాల తర్వాత ఆ పొర లేచిపోతుంది, తెలుపు కారు మీద అది ఇంకా అధ్వానంగా కనిపిస్తుంది.

లోహం తేలిన తర్వాత వెడల్పు సంగతి. అంబాసిడర్ గుండ్రని ఒళ్లున్న కారు. దాని మడ్‌గార్డుల నిండుదనమే దాని అందం. అంగుళం దాటిన వెడల్పు పట్టీ వేస్తే చూపు మడ్‌గార్డు వంపును వదిలి పట్టీ దగ్గరే ఆగిపోతుంది, చక్రం కూడా చిన్నదైనట్లు కనిపిస్తుంది. పది, పన్నెండు మిల్లీమీటర్ల సన్నని పట్టీ కంటికి కాటుక దిద్దినట్లు ఉంటుంది. ఇది నా అభిరుచి మాత్రమే, ఇంట్లో వారి మాట కూడా వినండి. అయితే పట్టీని దుకాణం వెలుగులో కాకుండా పగటి వెలుతురులో, మీ కారు ముందు బంపరు పక్కన పెట్టి చూడకుండా కొనవద్దు. అసలు క్రోమ్ కొద్దిగా నీలంగా, స్టెయిన్‌లెస్ కొద్దిగా బూడిద ఛాయలో ఉంటుంది. బంపరుకు ఇటీవలే కొత్త పూత వేయించి ఉంటే ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది. బఫింగ్ బాగా చేయిస్తే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది.

కొలతలను నాలుగు చక్రాలకూ విడివిడిగా తీసుకోండి. ముందు వెనకల ఆర్చులు ఎలాగూ ఒకటి కావు, నలభై ఏళ్లలో జరిగిన టింకరింగ్ వల్ల కుడి ఎడమలు కూడా ఒకేలా ఉండవు. మందపాటి కాగితాన్ని అంచుకు ఆనించి సుద్దతో రుద్ది, ఆ అచ్చును కత్తిరించి పనివాడికి ఇవ్వండి. తయారైన పట్టీని చేతితో ఆనించినప్పుడే అంచును అనుసరించి కూర్చోవాలి. అక్కడక్కడా వేలు దూరేంత సందు ఉంటే, స్క్రూ బిగిస్తే అదే సర్దుకుంటుందని పనివాడు అంటాడు, ఆ మాటకు ఒప్పుకోవద్దు. బలవంతంగా లాగిన పట్టీ ప్రతి గతుకుకూ అదురుతూ కొత్త రంగును ఆకురాయిలా అరగదీస్తుంది.

బిగించే పద్ధతిలో మూడు నియమాలు చెబుతాను. బయటి ముఖం మీద ఒక్క రంధ్రం కూడా పెట్టనివ్వవద్దు. స్క్రూ పడవలసింది మడ్‌గార్డు లోపలికి మడిచిన అంచులో, కింది వైపు నుంచి, అదీ స్టెయిన్‌లెస్ స్క్రూ. రంధ్రం చేసిన వెంటనే దాని చుట్టూ బయటపడిన ఇనుముకు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పును అడ్డుకునే అడుగు పూత) పూసి ఆరనివ్వాలి, తర్వాతే పట్టీకీ రేకుకూ మధ్య సన్నని రబ్బరు పట్టీ పెట్టి బిగించాలి. పై సందును సీలెంటుతో మూయవచ్చు, కానీ కింది రెండు కొసలనూ తెరిచే ఉంచాలి, ఎంత మూసినా నీరు ఎలాగోలా లోపలికి చేరుతుంది కనుక దానికి బయటపడే దారి ఉండాలి. సీలెంటు గొట్టం మూత తీసినప్పుడు వెనిగర్ వాసన వస్తే దానిని వాడవద్దు. ఆ రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది, అది లోహానికి హాని చేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న సిలికాన్ అడగండి.

మీ కారుకు రంగు వేసి ఎన్ని రోజులైందో రాయలేదు. షెడ్డులో గాలికి ఆరిన రంగు అయితే కనీసం ఒక నెల ఆగి ఈ పని పెట్టుకోండి. పట్టీలు బిగించాక, వెనక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి టైరు ఎక్కడైనా తగులుతుందేమో చూడండి, ఒకప్పటి 5.90-15 టైర్ల స్థానంలో వెడల్పు రేడియల్ టైర్లు వేసుకున్నవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

ప్రశ్న: మా పెదనాన్నగారు గల్ఫ్ నుంచి తిరిగి వస్తూ తెచ్చుకున్న 1982 నాటి మెర్సిడెస్ బెంజ్ 240 డీ ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆ రోజుల్లో బెంజ్ కార్లన్నిటికీ చక్రాల మీద క్రోమ్ ఉండేదని, అది లేకపోతే కారు బోసిగా ఉందని మిత్రుడు అంటున్నాడు. వేయిస్తే కారు విలువ పెరుగుతుందా?
(పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: మీ మిత్రుడు చూసింది నిజమే, చెప్పింది మాత్రం సరికాదు. 1976 నుంచి దశాబ్దం పాటు తయారై సుమారు 27 లక్షల వరకు అమ్ముడైన, మీ 240 డీ కూడా చేరిన 123 శ్రేణి కారుకు చక్రాల అంచున క్రోమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే మామూలు అమరిక కాదు. ఆ పట్టీలను బయటి తయారీదారులు అమ్మేవారు. 1980లలో వాటి మోజు ఎంతగా పాకిందంటే, చాలామందికి అవి కారుతో పుట్టినట్లే గుర్తుండిపోయాయి. 1960ల నాటి అనేక అమెరికన్ కార్లకు చక్రాల అంచున మెరుపు మౌల్డింగు ఫ్యాక్టరీలోనే వచ్చేది. ఆ కార్లకు అది లేకపోవడం లోటు, మీ కారుకు ఉండడమే అదనం.

విలువ సంగతికి వస్తే, పట్టీ వల్ల పెరగకపోగా తగ్గే ప్రమాదం ఉంది. ఈ శ్రేణి కార్లలో తుప్పు పట్టే చోట్లలో చక్రాల ఆర్చులు ముఖ్యమైనవని తెలిసిన కొనుగోలుదారు, అక్కడ పట్టీ కనిపించగానే దాని కింద ఏమి దాచారోనని అనుమానిస్తాడు. మీ కారు అంచులు శుభ్రంగా ఉంటే వాటిని అలా కనిపించనివ్వడమే మీకు లాభం. పెదనాన్నగారే ఆ రోజుల్లో పట్టీలు వేయించి ఉంటే నా సలహా వేరుగా ఉండేది, అది ఆ కారు జీవితంలో ఒక భాగం కనుక ఉంచమనేవాడిని. మోజు తీరకపోతే, రంధ్రం అవసరం లేకుండా అంచుకు పట్టుకుని నిలిచే రకం వేసి చూడండి, ఎప్పుడైనా తీసేయవచ్చు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా చేసిన మార్పు వెనక్కి తీసుకోగలిగేదిగా ఉండాలన్న సూత్రాన్నే పట్టుకుంటుంది.

ప్రశ్న: పాత ప్రీమియర్ పద్మిని కొన్నాను. చక్రాల మీద అప్పటికే స్టీలు పట్టీలు ఉన్నాయి. వాటికి అర అంగుళం పైన రంగు పొక్కులుగా లేస్తోంది. పట్టీలు తీయాలా, పొక్కులకు టచప్ చేయిస్తే సరిపోతుందా?
(పాఠకురాలు, వరంగల్)

జవాబు: తీయాలి, ఆలస్యం చేయకుండా తీయాలి. పట్టీ పైన రంగు పొక్కిందంటే తుప్పు లోపలి నుంచి బయటికి వచ్చిందని అర్థం. మీకు కనిపిస్తున్నది దాని చివరి మజిలీ. స్క్రూలు బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పవద్దు, ముందు రోజు రాత్రి తుప్పును వదులు చేసే నూనె కొట్టి ఉంచండి. పట్టీ ఊడాక లోపల ఎండిన మట్టి అరచేయి నిండా రాలితే ఆశ్చర్యపోవద్దు. ఆ మట్టి తేమను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, తుప్పుకు మేత అదే.

మట్టి కడిగి అంచును చిన్న స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. మొన దిగని చోట ఇనుము బాగుందన్నమాట, తుప్పును గీకి ఎపాక్సీ ప్రైమర్ వేసి రంగు వేయించవచ్చు. మొన దిగితే ఆ మేరకు రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడం తప్ప దారి లేదు. పుట్టీ నింపి పైన మళ్లీ పట్టీ బిగించేస్తే ఎవరికీ తెలియదని సలహా ఇచ్చేవారు ఉంటారు. మీకు ఈ కారు అమ్మినవారు కూడా బహుశా అలాంటి సలహానే విని ఉంటారు. మరమ్మతు అయ్యాక ఒక వర్షాకాలం పట్టీలు లేకుండా నడపండి. పొక్కులు తిరిగి రాకపోతే, పాత పట్టీలకే బఫింగ్ చేయించి, పై జవాబులో చెప్పిన పద్ధతిలో బిగించుకోవచ్చు.

ప్రశ్న: మా 1969 ఫియట్ 1100కు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటున్నాము. చక్రాలకు క్రోమ్ పట్టీలు ఉంటే తిరస్కరిస్తారా?
(పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: 2021 జులైలో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన వాహనం అసలు రూపంలో ఉండాలి; చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పు వంటి పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఊడదీయగల అలంకార పట్టీ బాడీ షెల్‌లో మార్పు కిందికి రాదని నా అభిప్రాయం. కానీ పట్టీ పట్టేందుకు ఎవరైనా మడ్‌గార్డు అంచును కోసి లేదా సాగదీసి ఉంటే అది వేరే సంగతి. నిర్ణయం రాష్ట్ర కమిటీ చేతిలో ఉంటుంది కనుక, తనిఖీకి ముందు పట్టీలు తీసి, స్క్రూ రంధ్రాలు కనిపించకుండా సరిచేయించి తీసుకువెళ్లడమే మేలు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. ఆ నంబరుతో కారును రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదన్న సంగతి ఇంట్లోవారికి ముందే చెప్పండి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు దొరికితే, అంబాసిడర్ మీది మమకారంతో కొన్నాను. విజయవాడ ఆటోనగర్ నుంచి అంబాసిడర్ పట్టీలు తెప్పించుకుంటే దీనికి సరిపోతాయా?
(పాఠకుడు, బర్మింగ్‌హామ్)

జవాబు: మన అంబాసిడర్ ఆ కారు నుంచే వచ్చింది కాబట్టి మీ ఆలోచనలో తప్పు లేదు. కానీ 2014 దాకా సాగిన తయారీలో అంబాసిడర్ ఎన్నో మార్పులు చూసింది, మన దగ్గర దొరికే పట్టీలు కూడా చాలావరకు చేతిపనితో వంచినవే. సిద్ధంగా ఉన్న జతను తెప్పించుకుంటే మళ్లీ వంచవలసి రావచ్చు. దానికి బదులు మీ కారు నాలుగు అంచుల కాగితపు అచ్చులు తీసి, కుడి ఎడమలు రాసి, విజయవాడ వచ్చే బంధువుల చేతికి ఇచ్చి పంపండి. 304 స్టెయిన్‌లెస్ రేకుతో, స్క్రూలు లేకుండా అంచుకు పట్టుకునే విధంగా చేయించుకోండి. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక, నవంబరులో పట్టీలు విప్పి అటక మీద పెట్టి, వసంతంలో మళ్లీ తొడగడం మీకు అన్ని విధాలా మంచిది.

ప్రశ్న: క్రోమ్ పట్టీలను ఇత్తడి సామాను తోమే పాలిష్‌తో తుడవవచ్చా?
(పాఠకురాలు, తెనాలి)

జవాబు: పూత వేసిన పట్టీకి వద్దు. ఆ పాలిష్‌లలో రాపిడి పొడి ఉంటుంది, మైక్రాన్ కూడా లేని క్రోమియం పొర తరచు రుద్దితే అరిగి, కింది నికెల్ పసుపు ఛాయ బయటపడుతుంది. కారు షాంపూ కలిపిన నీటితో కడిగి, మెత్తని బట్టతో తడి లేకుండా తుడిచి, నెలకొకసారి మైనం పూస్తే చాలు. స్టెయిన్‌లెస్ పట్టీకి మెటల్ పాలిష్ అప్పుడప్పుడు పనికొస్తుంది, అయితే గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం ముట్టించవద్దు. ఆ పీచు నుంచి రాలిన ఇనుప రజను పట్టీ మీద అంటుకుని తానే తుప్పు పడుతుంది, నింద మాత్రం స్టెయిన్‌లెస్ మీదికి వస్తుంది.